మామిడి మొదలు మీద పొడవాటి తోక కందిరీగ: చెట్టుకు శత్రువా, చెట్టును తొలిచే పురుగుకు శత్రువా?

వేంపల్లి తోట (కడప జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. మా తోటలో మా నాయన నాటిన బేనీషా చెట్లు కొన్నింటికి కాండం తొలుచు పురుగు పట్టింది. మొదళ్ల దగ్గర రంపపు పొట్టు కుప్పగా పడుతోంది, బెరడు పగుళ్ల నుంచి బంక కారుతోంది, ఒక చెట్టుకైతే ఒక వైపు కొమ్మలన్నీ ఎండుముఖం పట్టాయి.

ఇప్పుడు అవే చెట్ల మీద మరో జీవి కనిపిస్తోంది. ఎర్రని ఒళ్లు, నల్లని రెక్కలు, ఒంటి కంటె పొడవైన నల్లదారం వంటి తోక ఉన్న కందిరీగలు వచ్చి వాలుతున్నాయి. ఒక్కొక్కటి బెరడు మీద మీసాలు ఆడిస్తూ చాలాసేపు తిరిగి, ఒక చోట నిలబడి, నడుము పైకెత్తి, ఆ తోకను నిటారుగా కట్టెలోకి దించుతోంది. అలా దించిన తర్వాత దగ్గరకు వెళ్లినా ఎగిరిపోవడం లేదు. మా చెట్లను తొలుస్తున్నది ఇదేనని పక్క తోట పెద్దాయన గట్టిగా చెబుతున్నారు. మందుల అంగడిలో అడిగితే మొదళ్లన్నీ తడిసేటట్లు పిచికారీ చేయమన్నారు. చేసేముందు తెలిసినవారి మాట వినాలని ఇక్కడ రాస్తున్నాను. కూలీలు ఇది కుడుతుందని భయపడుతున్నారు, ఆ సంగతి కూడా చెప్పగలరు.

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

వేంపల్లి తోట గారూ, ఆ పిచికారీని దయచేసి ఆపండి. మీరు వర్ణించిన రూపం బ్రాకోనిడే అనే కుటుంబానికి చెందిన కందిరీగలది. ఇవి చెట్టును తినవు. వీటి పిల్లలకు కట్టె ఆహారం కాదు, కట్టెలో దాగి ఉన్న మరో పురుగు ఒళ్లే ఆహారం. మీరు తోక అంటున్నది ఆడ కందిరీగకు మాత్రమే ఉండే గుడ్లు పెట్టే గొట్టం. మన వ్యవసాయ పుస్తకాలు బదనికలు అనీ పరాన్నజీవులు అనీ పిలిచే మేలు చేసే పురుగులలో ఇదొకటి.

మామిడిలో మొదలు దగ్గర ముతక పొట్టు కుప్పగా పడుతూ ఒక వైపు కొమ్మలు ఎండుతున్నాయంటే, మొదట అనుమానించవలసింది బటోసెరా రూఫోమాకులేటా అనే పెంకు పురుగును. పెద్ద పురుగు దాదాపు 5 సెంటీమీటర్ల పొడవు, బూడిద రంగు, ఒంటి కంటె పొడవైన మీసాలు, మెడ మీద నారింజ రంగులో రెండు మచ్చలు. అది బెరడును కొరికి గాటు పెట్టి అందులో గుడ్డు పెడుతుంది. గుడ్డు నుంచి వచ్చిన కాళ్లు లేని తెల్లని పిల్ల పురుగు మొదట బెరడు కింద తిని, ఆ తర్వాత లోపలి కట్టెలోకి సొరంగం తవ్వుకుంటూ నెలల తరబడి పెరిగి, వేలెడు పొడవు అవుతుంది. అయితే మామిడి ఎండుకొమ్మలలో ఇంకా చిన్న జాతుల పెంకు పురుగులు కూడా ఉంటాయి. మీ కందిరీగలు వాటి కోసం వచ్చి ఉండవచ్చు, పెద్దదాని కోసమూ వచ్చి ఉండవచ్చు.

అది అంతసేపు తిరగడంలో పెద్ద పని జరుగుతోంది. బెరడు లోపల పురుగు దానికి కనిపించదు. ముందు వాసన పట్టుకుంటుంది. పురుగు తొలిచిన పొట్టు, దాని విసర్జన, ఆ పొట్టులో పెరిగే బూజు, ఇవన్నీ తాజాగా ఉన్నప్పుడు ప్రత్యేకమైన వాసన వస్తుంది. పైన్ చెట్ల కట్టెను తొలిచే కొమ్ముతోక పురుగులను వేటాడే రిస్సా పెర్సువసోరియా అనే ఐరోపా కందిరీగ మీద జరిగిన పరిశోధనలలో, ఆ పురుగు తనతో తెచ్చుకునే శిలీంధ్రపు వాసనే కందిరీగను దారి నడిపిస్తుందని తేలింది. వాసన చెట్టు వరకు, పగులు వరకు తీసుకువస్తుంది. అక్కడి నుంచి చెవి పని. కందిరీగకు మనలాంటి చెవులు లేవు గాని, కాళ్లలో ప్రకంపనలను పట్టే అవయవాలు ఉంటాయి. లోపల పురుగు కొరుకుతున్నప్పుడు పుట్టే అదురు బెరడు దాకా వస్తుంది. కొన్ని జాతులు అంతకంటె ముందుకు వెళ్లాయి. అవి మీసాల కొసలతో కట్టెను తట్టి, ఆ తట్టు తిరిగి కాళ్లకు ఎలా చేరుతోందో గమనించి, లోపల గుల్ల ఎక్కడ ఉందో కనుక్కుంటాయి. కాండం తొలుచు పురుగుల ప్యూపాల (పిల్ల పురుగు రెక్కల పురుగుగా మారే ముందు కదలకుండా ఉండే దశ) మీద గుడ్లు పెట్టే జాంథోపింప్లా స్టెమ్మేటర్‌లో ఈ పద్ధతి ఉందని ప్రయోగాల ద్వారా నిరూపించారు. లోపలి జీవి కదలక మెదలక ఉన్నా ఈ పద్ధతికి దొరుకుతుంది.

కుట్టడం గురించి. తేనెటీగకు, కడుజుకు ఉన్న కొండి కూడా పుట్టుకలో గుడ్లు పెట్టే గొట్టమే. వాటిలో గుడ్డు ఆ దారిన రావడం మానేసి, అది విషం దించే ఆయుధంగా మిగిలింది. మీరు చూసినదానిలో అది ఇంకా గుడ్డు దారే. అంత పొడవైన గొట్టంతో మనిషిని కుట్టడం దానికి సాధ్యమయ్యే పని కాదు. కూలీలు నిశ్చింతగా పని చేసుకోవచ్చు.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు (కర్నూలు)

నమస్కారం మేడమ్. మీ వివరణ చదివాక ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. వెంట్రుకంత సన్నని, పొడవైన కడ్డీని ఒక కొసన పట్టి గట్టి పదార్థంలోకి తోస్తే అది లోపలికి దిగక ముందే మధ్యలో వంగిపోతుంది. పొడవు రెట్టింపయితే అది ఓర్చుకోగల తోపు నాలుగో వంతుకు పడిపోతుందని మేము పిల్లలకు చెబుతాం. మరి ఈ కందిరీగ దారం వంటి గొట్టాన్ని మామిడి కట్టెలోకి ఎలా దించగలుగుతోంది? బరమాలాగా తిప్పుతుందా? తిప్పాలంటే ఒళ్లంతా తిరగాలి కదా.

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

సార్, తిప్పదు. ఈ ప్రశ్నకు ఉన్న జవాబు నాకు ఈ జీవుల గురించి తెలిసిన సంగతులన్నింటిలోకి ఇష్టమైనది, కనుక కొంచెం విస్తారంగా రాస్తాను.

ఆ గొట్టం ఒకే ముక్క కాదు. పైన ఒక పట్టీ, కింద రెండు పట్టీలు, మొత్తం మూడు కలిసి ఒక గొట్టమవుతాయి. పై పట్టీ అడుగున పొడవునా గట్టు ఉంటుంది, కింది పట్టీలలో ఆ గట్టుకు సరిపడే గాడి ఉంటుంది. అందువల్ల అవి ఒకదాని నుంచి మరొకటి ఊడిపోకుండానే ముందుకూ వెనుకకూ జారగలవు. కొసల దగ్గర వెనుకకు తిరిగిన పళ్లు ఉంటాయి. ఒక పట్టీ పళ్లు కట్టెను పట్టుకుని లాగుతుంటే, ఆ పట్టు ఆధారంగా రెండో పట్టీ కొద్దిగా ముందుకు జరుగుతుంది. తర్వాత అది పట్టుకుంటుంది, మొదటిది జరుగుతుంది. ఈత మాను ఎక్కే గీత కార్మికుడు కాళ్లు బిగించి చేతులు పైకి జరిపి, చేతులు బిగించి కాళ్లు పైకి జరుపుకున్నట్లు, ఆ సూది తనను తాను కట్టెలోకి లాక్కుంటూ పోతుంది. పై నుంచి తోయవలసిన బలం చాలా తగ్గిపోతుంది కనుక వంగిపోయే ప్రమాదమూ తగ్గుతుంది. పళ్లు లాగేటప్పుడు కట్టెను కోస్తాయి కూడా. కట్టెలో ఇలాంటి సూదితోనే గుడ్లు పెట్టే కొమ్ముతోక పురుగుల మీద 1995లో విన్సెంట్, కింగ్ అనే శాస్త్రవేత్తలు ఈ పనితీరును వివరించారు.

ఇక మీరు అడిగిన మధ్యభాగపు వంపు. గొట్టానికి ఇరువైపులా రెండు తొడుగులు ఉంటాయి. అవి కట్టెలోకి దిగవు. తొలిచే పని మొదలయ్యేటప్పుడు బయట ఉన్న పొడవును ఆనించి పట్టుకోవడానికి అవి తోడ్పడతాయి. రిస్సా వంటి పెద్ద జాతులలో వెనుక కాళ్ల తుంటి భాగాలు కూడా సూదిని మధ్యలో ఇరికించి నిలబెడతాయి. దాని అమెరికా బంధువు మెగారిస్సాలో గొట్టం 10 సెంటీమీటర్లు దాటుతుంది. అంత పొడవును నిటారుగా నిలిపేటంత ఎత్తు దానికి లేదు కాబట్టి, పొట్ట కొస దగ్గరి పలుచని పొర బెలూన్‌లా సాగి, మిగులు గొట్టాన్ని తనలో చుట్టగా చుట్టుకుంటుంది. సూది లోపలికి దిగేకొద్దీ ఆ చుట్ట విడుతుంది.

గట్టిదనానికి మరో ఏర్పాటు ఉంది. చాలా జాతులలో కొసన ఉన్న పళ్లలో జింకు గాని మాంగనీసు గాని చేరి ఉంటుంది. 2014లో బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు మన మేడి చెట్టు కాయలను బయటి నుంచి తొలిచి గుడ్లు పెట్టే అపోక్రిప్టా వెస్ట్‌వుడి అనే చిన్న కందిరీగను పరీక్షించారు. వెంట్రుక కంటె సన్నని దాని సూది కొసన జింకు ఉందనీ, ఆ కొస మిగిలిన భాగం కంటె గట్టిదనీ కనుగొన్నారు. మేడి చెట్టు మన వంకల వెంట, బావుల దగ్గర ఎక్కడైనా ఉంటుంది. మీ పిల్లలను ఒకసారి పచ్చికాయలున్న చెట్టు దగ్గరకు తీసుకువెళ్తే కాయ మీద నిలబడి తోక దించుతున్న ఈ చిన్నవాటిని వాళ్లే చూడగలరు.

ఈ సూత్రం ఆధారంగా లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో మెదడు శస్త్రచికిత్స కోసం, ఒకదానిపై ఒకటి జారే భాగాలతో వంపు తిరగగల సూదిని తయారు చేశారు. నెట్టడం తక్కువ కావడం వల్ల చుట్టుపక్కల మెత్తని కణజాలానికి దెబ్బ తక్కువ.

భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు (కర్నూలు)

ధన్యవాదాలు మేడమ్. అంత సన్నని గొట్టంలో నుంచి గుడ్డు ఎలా వస్తుందన్నది మిగిలింది. గుడ్డు గొట్టం కంటె లావుగా ఉండాలి కదా?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

లావుగానే ఉంటుంది. గుడ్డు పెంకు గట్టిది కాదు, సాగే పొర. గొట్టంలోకి వచ్చినప్పుడు అది దారంలా సాగి, లోపలి పదార్థం వెనుకకు జరిగి, అవతలి కొస దాటాక తిరిగి తన ఆకారానికి వస్తుంది. చాలా జాతుల గుడ్లకు పొడవైన కాడ ఉంటుంది. గొట్టం లోపలి గోడల మీద ఒకే వైపుకు వాలిన సన్నని పొలుసులు ఉంటాయి. పట్టీలు ముందుకు వెనుకకు జారుతుంటే ఆ పొలుసులు గుడ్డును ముందుకే నడిపిస్తాయి, వెనుకకు రానివ్వవు.

గుడ్డు కంటె ముందు విషం వెళుతుంది. కట్టెలో దాగిన పురుగుల మీద బతికే జాతులలో ఎక్కువ భాగం మొదట పురుగును పొడిచి శాశ్వతంగా చచ్చుబడేటట్లు చేస్తాయి. అది చావదు, కుళ్లదు, కాని కదలదు, తినదు. గుడ్డు పురుగు ఒంటి లోపల కాక, ఒంటి మీద గాని పక్కన గాని పడుతుంది. పిల్ల బయట నుంచే దాన్ని పీల్చి తింటుంది, తిన్నాక ఆ సొరంగంలోనే గూడు అల్లుకుని ప్యూపా అవుతుంది. చెరకులో కాండం తొలుచు పురుగు మీద పనిచేసే కొటేసియా ఫ్లావిపెస్ అనే కందిరీగ పద్ధతి పూర్తిగా వేరు. అది గుడ్లను పురుగు ఒంటి లోపల పెడుతుంది, పురుగు ఆ తర్వాత కూడా కొంతకాలం తింటూ పెరుగుతూ ఉంటుంది. రైతుకు ఈ తేడా ముఖ్యం. మీ మామిడిలో జరుగుతున్నది మొదటి పద్ధతి అయితే, కందిరీగ పొడిచిన క్షణం నుంచే ఆ పురుగు చెట్టును తినడం ఆగిపోతుంది.

చీనీ రైతు (తాడిపత్రి)

అందరికీ నమస్కారం. చదవడానికి చాలా బాగుంది మేడమ్, కాని రైతు వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. నాకు చీనీ, దానిమ్మ రెండూ ఉన్నాయి. చీనీ మొదళ్లకు బెరడు తినే గొంగళి పురుగు, దానిమ్మ మొదళ్లకు గుండుసూది తలంత రంధ్రాలు చేసే చిన్న పెంకు పురుగు వచ్చి చెట్లు నిలువునా ఎండిపోవడం చూసినవాణ్ణి. దానిమ్మ చెట్టు వాడిపోతున్నప్పుడు ఎక్కడి నుంచో ఒక కందిరీగ వచ్చి ఒక్కొక్క పురుగును వెదికి పొడుస్తుందని కూర్చుంటే తోట మిగలదు. పెట్టుబడి అప్పు తెచ్చి పెట్టినవాడికి ఆ ఓపిక ఉండదు. చెరకు రైతులకు ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగల కార్డులు ఇస్తున్నారు, ఆకులకు గుచ్చితే చాలు. ఈ పొడవాటి తోక కందిరీగలకు అలాంటి కార్డులు ఎందుకు లేవు? అవి ఉంటే నేనూ మందు మానేస్తాను. లేనప్పుడు మందు కొట్టవద్దని రైతుకు చెప్పడం న్యాయమేనా?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

అన్నా, మీ ప్రశ్న న్యాయమైనది. మీరు చూసిన నష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు.

ట్రైకోగ్రామా అర మిల్లీమీటరు జీవి. అది వేరే పురుగుల గుడ్లలోనే తన గుడ్డు పెడుతుంది, వారం పది రోజులలో తరం పూర్తవుతుంది. బియ్యపు చిమ్మెట గుడ్ల మీద దాన్ని కోట్లలో పెంచవచ్చు. అందుకే కార్డులు సాధ్యమయ్యాయి. చెరకు పురుగు తల్లి రెక్కల పురుగు ఆకు మీద బయటే గుడ్లు పెడుతుంది కనుక దానికవి దొరుకుతాయి. బటోసెరా గుడ్డు బెరడు గాటు లోపల ఉంటుంది. అక్కడ ట్రైకోగ్రామా కార్డు కట్టడం వృథా ఖర్చు, ఎవరైనా అమ్మజూపినా కొనవద్దు. కట్టె పురుగుల కందిరీగలు పెద్ద గుడ్లను కొద్ది సంఖ్యలో పెడతాయి, ఒక్కొక్క గుడ్డుకు చాలా శ్రమ పడతాయి, చాలా జాతులకు ఏడాదికి ఒకటి రెండు తరాలే. పెంచాలంటే బతికి ఉన్న తొలుచు పురుగులను కట్టె ముక్కలలో ముందు పెంచాలి.

అయినా ప్రపంచంలో ఆ పని చేసినవారు ఉన్నారు. న్యూజిలాండ్ పైన్ తోటలలో సైరెక్స్ నోక్టిలియో అనే కొమ్ముతోక పురుగు చెట్లను చంపుతుంటే, 1920ల చివరలో ఇంగ్లండ్ నుంచి రిస్సాను తెప్పించి వదిలారు. అది నిలదొక్కుకుంది, ఉపయోగపడింది, కాని ఒక్కటే సరిపోలేదు. ఆ తర్వాత ఆస్ట్రేలియాలో కూడా అదే పురుగు మీద పెద్ద పట్టు దొరికింది డెలాడెనస్ సిరిసిడికోలా అనే నులిపురుగు వల్ల. తోటను పలచన చేయడం, కందిరీగలు, నులిపురుగు అన్నీ కలిస్తేనే ఫలితం వచ్చింది.

అమెరికాలో యాష్ చెట్లను తినే పచ్చని పెంకు పురుగు 2002లో మిచిగాన్‌లో బయటపడింది. 2007 నుంచి చైనా కందిరీగలను తెచ్చి వదులుతున్నారు. వాటిలో టెట్రాస్టికస్ ప్లానిపెనిసి అనేదాని గొట్టం చాలా పొట్టిది. బెరడు 3 మిల్లీమీటర్లకు మించి మందమైతే దానికి పురుగు అందదు. అందువల్ల అది లేత చెట్లనే కాపాడగలిగింది. ముదురు చెట్ల కోసం పొడవైన గొట్టం ఉన్న స్పాథియస్ జాతులను వెదకవలసి వచ్చింది. ఇదే లెక్క మన మామిడికీ వర్తిస్తుంది. బెరడు కింద ఉన్నంత కాలం పురుగు కందిరీగకు అందుతుంది. చేవలోకి లోతుగా వెళ్లిపోయాక దాన్ని చేరడం కష్టం.

కనుక కందిరీగ వచ్చింది కాబట్టి చేతులు కట్టుకుని కూర్చోవాలని నేను చెప్పడం లేదు. నేను చెప్పేది ఒకటే: బెరడు మీద పై నుంచి కొట్టే మందు కట్టె లోపలి పురుగును చేరదు, బెరడు మీద నడిచే కందిరీగను మాత్రం తప్పకుండా చేరుతుంది. అలా కొట్టినప్పుడు రైతు ఖర్చు పెట్టి తనకు సాయం చేసేవాటినే చంపుకుంటున్నాడు. మీ దానిమ్మ పురుగు సంగతి వేరు, దాని మీద ఈ పొడవాటి తోక కందిరీగలను నమ్ముకోమని నేను చెప్పను. అక్కడ నీటి ఎద్దడి లేకుండా చూడడం, పట్టిన కొమ్మలను కోసి కాల్చడం, ఉద్యానశాఖవారు చెప్పిన మందును మొదలుకు పూయడం అవసరమే.

నల్లమల బాట (కర్నూలు)

నేను అడవి పనులలో తిరిగేవాణ్ణి. నరికి పడేసిన మొద్దుల దగ్గర ఈ కందిరీగలు చెట్ల మీద కంటె ఎక్కువగా కనిపిస్తాయి. పచ్చి మొద్దు వాసనకు పెంకు పురుగులు వస్తాయి, వాటి వెనుకే ఇవి వస్తాయి. నాకు రెండు సందేహాలున్నాయి. ఒకటి, ఒకే మొద్దు మీద తోక లేనివి చాలా గుమిగూడి, ఒక చోట బెరడును మీసాలతో తడుముతూ గంటలకొద్దీ ఉంటాయి, ఏమీ తొలవవు. రెండు, ఒక పెద్ద కందిరీగ తొలిచి వెళ్లిన చోటికే మరో సన్నని కందిరీగ వచ్చి అదే రంధ్రంలో తోక పెట్టడం చూశాను. అది కూడా మేలు చేసేదేనా?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

మీ గమనింపు చాలా విలువైనది. మొదటివి మగవి. లోపల ఆడ కందిరీగ గూడు విప్పుకుని, దవడలతో కట్టెను కొరుక్కుంటూ బయటికి వస్తున్న చప్పుడు వాటికి తెలుస్తుంది. అది బయటపడే చోట ముందుగానే కాచుకుంటాయి. మెగారిస్సాలో ఈ ప్రవర్తనను చాలామంది వర్ణించారు.

మగ, ఆడ విషయంలో ఇంకొక సంగతి ఉంది. కందిరీగలలో ఫలదీకరణ జరిగిన గుడ్డు ఆడది అవుతుంది, జరగనిది మగది అవుతుంది. తల్లి వీర్యాన్ని ఒంట్లో దాచుకుని గుడ్డు పెట్టే క్షణాన ఏది కావాలో నిర్ణయించుకోగలదు. చాలా జాతులలో చిన్న పురుగు దొరికితే మగ గుడ్డు, పెద్ద పురుగు దొరికితే ఆడ గుడ్డు పెడుతుంది, ఎందుకంటే పెద్ద ఒళ్లు వల్ల ఎక్కువ లాభం పొందేది గుడ్లు మోయవలసిన ఆడదే. చిన్న పెంకు పురుగు పిల్లలు మాత్రమే ఉన్న మొద్దులలో మగ కందిరీగలు ఎక్కువగా పుట్టడానికి ఇది కారణం కావచ్చు.

రెండోది దొంగ కావడానికే అవకాశం ఎక్కువ. ఐరోపాలో సూడోరిస్సా అనే కందిరీగ ఉంది. దాని సూది మరీ సన్నం, కట్టెను తనంత తాను తొలవలేదు. రిస్సా తొలిచి వెళ్లిన రంధ్రాన్ని వాసన పట్టి కనుక్కుని, అదే దారిలో తన గుడ్డు దించుతుంది. దాని పిల్ల ముందుగా రిస్సా పిల్లను చంపి, ఆపైన చచ్చుబడి ఉన్న పురుగును తింటుంది. చెట్టుకు మాత్రం దీనివల్ల ఆ ఏటికి నష్టం లేదు, తొలుచు పురుగు అప్పటికే చచ్చుబడింది. నష్టమంతా మరుసటి తరం కందిరీగల లెక్కలో.

కట్టెపని (ప్రొద్దుటూరు)

అమ్మా, మాది వడ్రంగి వృత్తి. పుచ్చు పట్టిన పాత మంచాలు, తలుపులు బాగు చేయడానికి వస్తాయి. వాటి నుంచి పిండి రాలుతుంటుంది. అలాంటి సామాను ఇంట్లో ఉన్నవాళ్లు రాత్రులు ఏదో కుట్టి దద్దుర్లు వచ్చాయని చెబుతారు. నల్లి కాదు. చిన్న చీమలాంటిది, రెక్కలు లేవు, కాని చీమ వరుసలలో నడవదు. దీనికీ ఈ కందిరీగలకూ ఏమైనా సంబంధం ఉందా?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

సంబంధం ఉంది, మీ అనుమానం సరైన వైపే వెళ్లింది. మీ వర్ణన స్క్లెరోడెర్మస్ అనే చిన్న కందిరీగకు సరిపోతుంది. దీని ఆడది చాలావరకు రెక్కలు లేకుండా చీమలా ఉంటుంది. దీనికి పొడవైన గొట్టం లేదు. అది తొలవదు, పిండి రాలే రంధ్రం గుండా తానే సొరంగంలోకి దూరి, పుచ్చు పురుగు పిల్లను కొండితో పొడిచి చచ్చుబడేటట్లు చేసి, దాని ఒంటి మీద గుడ్లు పెట్టి, పిల్లలు పెద్దవయ్యే వరకు కాపలా ఉంటుంది. తనకంటె ఎన్నో రెట్లు పెద్దదైన పురుగును లొంగదీసుకోవడానికి కొన్ని జాతులలో రెండు మూడు తల్లులు కలిసి పనిచేస్తాయి. చైనాలో దీన్నే పెంచి, పొడవాటి మీసాల పెంకు పురుగుల మీద అడవులలో వదులుతున్నారు.

ఇది నిజమైన కొండి ఉన్న వంశం కనుక మనిషిని కుడుతుంది, ఐరోపాలో పాత సామాను ఉన్న ఇళ్లలో ఇది కుట్టి దద్దుర్లు వచ్చిన సందర్భాలను వైద్యులు నమోదు చేశారు. ఇంట్లో దీన్ని చంపడానికి మందు కొట్టడం కంటె, పుచ్చు పట్టిన కట్టెను బయటికి తీసి బాగు చేయడం లేదా మార్చడం మేలు. పుచ్చు పురుగు లేని ఇంట్లో ఇది ఉండదు.

వేంపల్లి తోట (కడప జిల్లా)

మేడమ్, పిచికారీ ఆపించాను. పక్క తోట పెద్దాయనకు కూడా మీరు రాసినదంతా చదివి వినిపించాను. ఆయన ఒక చిక్కు ప్రశ్న వేశారు. కందిరీగ తోక దించిన చోట లోపల పురుగు ఉన్నట్లే కదా, మరి అక్కడే ఇనుప తీగ పెట్టి పురుగును లాగేస్తే పని అయిపోతుంది కదా అంటున్నారు. నాకూ అదే సబబుగా తోస్తోంది. ఏమి చేయమంటారు?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

పెద్దాయన ప్రశ్న చాలా మంచిది. కందిరీగ లోపల పురుగు ఉన్న చోటును మనకంటె బాగా చూపిస్తుందన్నది నిజం. కాని అది పొడిచి గుడ్డు పెట్టేసిన పురుగు చెట్టుకు ఇక హాని చేయదు. దాన్ని తీగతో లాగితే పోయేది వచ్చే తరం కందిరీగే. అందుకని తీగ పెట్టవలసిన రంధ్రానికీ వదిలేయవలసిన రంధ్రానికీ తేడా చూసుకోవాలి. ఆ తేడా పొట్టులో తెలుస్తుంది.

మొదళ్ల చుట్టూ ఉన్న పాత పొట్టునంతా ఊడ్చి, బెరడు మీద అంటుకున్నదాన్ని కూడా తుడిచి శుభ్రం చేయండి. కందిరీగ తోక దించిన చోట్ల సుద్దతో గుర్తు పెట్టండి. కొన్ని రోజులు ఆగి చూడండి. తేమగా, లేత రంగులో కొత్త పొట్టు పడుతున్న రంధ్రంలో పురుగు బతికి తింటోంది. అక్కడ కొక్కెం ఉన్న సన్నని ఇనుప తీగ పెట్టి లాగండి, లేదా లోపలే పొడిచి చంపండి. తర్వాత రంధ్రాన్ని మట్టితో మూసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. పాత రోజులలో డైక్లోర్వాస్‌లో ముంచిన దూదిని రంధ్రంలో పెట్టేవారు. ఆ మందు 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం, ఎవరైనా ఇచ్చినా వాడవద్దు. కొత్త పొట్టు రాని రంధ్రాన్ని, ముఖ్యంగా సుద్ద గుర్తు ఉన్నదాన్ని, ముట్టుకోకుండా వదిలేయండి. మట్టితో మూయడం కూడా వద్దు.

ఎండిన కొమ్మల విషయంలోనూ ఇలాగే ఆలోచించండి. కోసినవాటిని వెంటనే కాల్చడం మన అలవాటు. పెంకు పురుగు పిల్లలు కొత్త పొట్టు రాలుస్తున్న కొమ్మలను కాల్చవలసిందే. సన్నని, పొట్టు ఆగిపోయిన కొమ్మలలో కొన్నింటిని సన్నని తీగ జాలి చుట్టిన పెట్టెలో గాని డ్రమ్ములో గాని ఉంచి, ఏమి బయటికి వస్తుందో చూడండి. పెంకు పురుగులు వస్తే చంపండి, కందిరీగలు వస్తే మూత తీసి తోటలో వదలండి.

చీనీ రైతు (తాడిపత్రి)

డ్రమ్ము పద్ధతి నాకు నచ్చింది మేడమ్, దానికి అప్పు అవసరం లేదు. ఒక్క సంగతి అడుగుతాను. రెక్కలు వచ్చి ఎదిగిన కందిరీగలకు కట్టె పురుగు కాకుండా వేరే తిండి ఏమైనా కావాలా? మా తోట చుట్టూ కలుపు ఒక్క మొక్క లేకుండా తీయిస్తాం.

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

కావాలి అన్నా. ఎదిగిన కందిరీగలు పూల తేనె, మొక్కల మీద కారే తీపి రసం తాగి బతుకుతాయి. తిండి దొరికితే ఎక్కువ రోజులు బతుకుతాయి, ఎక్కువ పురుగులను వెదుకుతాయి. గట్ల మీద ధనియాలు, సోపు, ఆవాలు వంటి చిన్న పూల మొక్కలు నాలుగు సాళ్లు ఉంచినా చాలు. చెట్ల పాదులలో కలుపు తీయించండి, గట్ల మీద పూసేవాటిని వదలండి.

వేంపల్లి తోట (కడప జిల్లా)

రేపే పొట్టు ఊడిపించి సుద్ద గుర్తులు పెట్టిస్తాను. ఈ కందిరీగ జాతి ఏమిటో ఖాయంగా తెలుసుకోవాలంటే ఎవరికి చూపించాలి మేడమ్?

కీటక పరిశీలకురాలు (అనంతపురం)

మీకు దగ్గరలో ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రం ఉంది, ముందు అక్కడి శాస్త్రవేత్తలకు చూపించండి. చచ్చిన కందిరీగ దొరికితే చిన్న సీసాలో స్పిరిట్ పోసి వేసి, ఏ చెట్టు మీద, ఏ తేదీన, ఏ ఊరిలో దొరికిందో పెన్సిలుతో కాగితం ముక్క మీద రాసి అదే సీసాలో వేయండి. పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. పరాన్నజీవి కందిరీగలను గుర్తించే నిపుణులు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థలో ఉన్నారు, కృషి విజ్ఞాన కేంద్రంవారు అక్కడికి పంపగలరు. డ్రమ్ములో కొమ్మ నుంచి కందిరీగ, పెంకు పురుగు రెండూ వస్తే రెండింటినీ వేర్వేరు సీసాలలో ఉంచి ఒకే కొమ్మ నుంచి వచ్చినట్లు రాయండి. ఏ కందిరీగ ఏ పురుగు మీద బతుకుతోందో తేల్చడానికి ఆ జత చాలా అవసరం.